బెత్తెడు ఖాళీ: మా ఊరి నల్లా లైన్ పని డైరీ

ఫిబ్రవరి, రెండో వారం

చెరువు వాడ నుంచి మళ్లీ అదే ఫిర్యాదు. పొద్దున నల్లా వదలగానే వచ్చే మొదటి బిందె నీళ్లు మట్టిరంగులో ఉంటాయి, మోరీ వాసన కొడతాయి. రెండో బిందె నుంచి మామూలే. ఆడవాళ్లు దీనికి ఎప్పుడో అలవాటు పడ్డారు. మొదటి బిందె వాకిట్లో చల్లేసి, రెండోది ఇంట్లోకి తీసుకుపోతారు. "ఏండ్ల సంది గిట్లనే ఉన్నది బిడ్డా, నువ్వొచ్చి కొత్తగ ఏం జేస్తవ్" అంది ఒక అవ్వ. ఈసారి ఆ వాడలో పిల్లలకు వరసగా వాంతులు, విరేచనాలు అయ్యాయి. అందుకే పంచాయతీ వాళ్లు నన్ను పిలిచారు.

నేను ఊళ్లో మోటార్లు రిపేర్ చేస్తాను, ప్లంబింగ్ పనులు కూడా పడతాను. కార్యదర్శి సారు ముందే చెప్పేశాడు: కొత్త లైన్‌కు డబ్బుల్లేవు, ఉన్నదాన్నే బాగుచేయాలి.

మాది నల్లగొండ నుంచి చండూరు పోయే దారిలో ఉన్న ఊరు. ఈ పక్క మంచినీళ్లంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పటిక, సున్నం కలిపి, పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 'నల్గొండ టెక్నిక్' అని మా జిల్లా పేరే పెట్టారు. అలాంటి చోటికి మిషన్ భగీరథ కింద శుద్ధిచేసిన కృష్ణా నీళ్లు వచ్చాయి. ఆ పథకం పైలాన్‌ను 2015లో మా పక్కనే చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. అంత దూరం నుంచి వచ్చిన నీళ్లు చివరి రెండు వందల గజాల్లో పాడవుతున్నాయంటే మనసు ఒప్పదు.

ఇదివరకు ఇదే ఫిర్యాదు మీద చెరువు వాడలో రోడ్డు తవ్వారు. లీకేజీ దొరకలేదు. పూడ్చేసి వెళ్లిపోయారు.

అదే వారం, వాల్వ్ కట్టే వేళ

అందరూ నీళ్లు వదిలే టైముకు చూస్తారు. నేను బంద్ చేసే టైముకు వెళ్లాను. మన లైన్లలో రోజుకు గంటో గంటన్నరో నీళ్లుంటాయి, మిగతా వేళంతా పైపు ఖాళీ. పైపులో నీళ్లు తోసుకుంటూ పోతున్నంతసేపు బయటి మురికి లోపలికి రాలేదు, చిల్లి ఉంటే నీళ్లే బయటికి చిమ్ముతాయి. తోపు ఆగాక లెక్క మారిపోతుంది.

మా ఊరి ట్యాంకు బడి పక్కన, ఊరికి నడుమ ఉంటుంది. గుట్ట వాడ ఎత్తులో, చెరువు వాడ పల్లంలో. మేస్త్రీని తీసుకుపోయి లెవల్ పైపుతో చూస్తే రెండు వాడలకూ దాదాపు ఆరు మీటర్ల తేడా వచ్చింది. రెండింటికీ పోయే లైన్ ఒక్కటే, నడిమి చౌరస్తాలో రెండుగా చీలుతుంది.

వాటర్‌మ్యాన్ ట్యాంకు దగ్గర వాల్వ్ కడుతుండగా నేను గుట్ట వాడలో చివరి ఇంటి నల్లా దగ్గర కూర్చున్నాను. ధార సన్నబడింది, చుక్కలయింది, ఆగింది. కాసేపటికి నల్లాలోంచి సన్నగా బుస వినిపించింది. గాలి బయటికి రావడం లేదు, లోపలికి పోతోంది. అరచెయ్యి మూతికి ఆనిస్తే చర్మం లోపలికి గుంజుకుంది. ఇంటావిడను అడిగి ఒక చెంబు మంచినీళ్లు తెప్పించి, నల్లా మూతి మునిగేలా పట్టుకున్నాను. చెంబు చెంబంతా తాగేసింది.

"అన్నా, నల్లా నీళ్లు తాగుడేందే?" అన్నాడు పక్కనున్న పిల్లోడు.

కిటుకంతా ఇక్కడే ఉంది. ట్యాంకు కట్టేశాక పైపులో మిగిలిన నీళ్లు పల్లానికి జారి చెరువు వాడ నల్లాల్లోంచి కారిపోతాయి. ఆ జారే నీళ్లు వెనక నుంచి గుంజుతాయి. గుట్ట వాడలో తెరిచి ఉన్న ప్రతి మూతీ తన ముందు ఏముంటే అది పీల్చుకుంటుంది. గాలి ఉంటే గాలి, మురికి నీళ్లుంటే మురికి నీళ్లు. ఆ మురికి కిందికి దిగి పైపు అడుగున కూర్చుంటుంది. తెల్లారి నీళ్లు వదలగానే చెరువు వాడ మొదటి బిందెలో పడుతుంది. తప్పు గుట్ట వాడలో, వాసన చెరువు వాడలో. కింద ఎంత తవ్వినా లీకేజీ ఎలా దొరుకుతుంది?

శివరాత్రి దాటాక

గుట్ట వాడలో ఇల్లిల్లూ తిరిగాను. నల్లాలు సగానికి పైగా గుంతల్లో ఉన్నాయి.

దక్షిణ తెలంగాణ ఊళ్లలో తిరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. ప్రెషర్ తక్కువైతే నీళ్లు మోకాలెత్తు కూడా ఎక్కవు. అందుకని వాకిట్లో గుంత తవ్వి, పైపు కోసి, నల్లాను నేలకన్నా కిందికి దించుకుంటారు. బిందె గుంతలో పెట్టి నింపి పైకి తీస్తారు. కొందరు నల్లా బిరడా కూడా పీకేసి ఉత్త పైపు వదిలేస్తారు, ఎలాగూ గంటసేపే కదా అని. ఒలికిన నీళ్లు ఆ గుంతలోనే నిలుస్తాయి. అంట్లు తోమిన నీళ్లు, కోళ్లు కెలికిన మట్టి, వాన పడితే మోరీ నీళ్లు, అన్నీ అందులోకే. ఒక గుంతలో పైపు మూతి నీళ్లలో పూర్తిగా మునిగి ఉంది. నేను చూస్తుండగానే, సప్లై ఆగాక గుంతలో మట్టం కిందికి దిగింది. అవి భూమిలోకి ఇంకిన నీళ్లు కావు. గుంతకు చుట్టూ సిమెంటు పూత ఉంది.

ఇక గేదెల గోలెంలో పడేసిన రబ్బరు పైపులు. నల్లాకు పైపు తగిలించి కుడితి గోలెంలో వదిలేసి పనికి పోతారు. సప్లై ఆగితే కుడితి పైపెక్కుతుంది. ఒక ఇంటి దగ్గర మాత్రం నిలబడిపోయాను. పత్తికి మందు కొట్టే డ్రమ్ము ఎండలో ఆరబెట్టి ఉంది, దాన్ని నింపే పైపు ఇంకా నల్లాకే తగిలించి ఉంది. సీజన్‌లో ఆ పైపు కొస డ్రమ్ము అడుగుదాకా దిగి ఉంటుంది. మురికి నీళ్లయితే వాసన చెప్తుంది. పురుగుమందు పలచబడి వస్తే ఏం చెప్తుంది?

వాల్వ్ గుంతలు కూడా చూశాను. చౌరస్తాలోని వాల్వ్ చాంబర్ నిండా నల్లటి నీళ్లు. బకెట్లతో తోడితే అడుగున గేట్ వాల్వ్ కనిపించింది. కాడ చుట్టూ నీళ్లు కారకుండా ఆపే గ్లాండులో ప్యాకింగ్ తాడు ఎండిపోయి, పిడికెడు పీచు మిగిలింది. వేలితో తీస్తే పొడిపొడిగా రాలింది. నీళ్లు వదిలినప్పుడు అక్కడ చుక్కలు కారతాయి, ఎవరూ పట్టించుకోరు. కట్టినప్పుడు అదే సందులోంచి చాంబర్ నీళ్లు లోపలికి పోతాయి. పాత ప్యాకింగ్ గీకి, కొత్త గ్రాఫైట్ తాడు చుట్టి, గ్లాండు నట్లు రెండువైపులా సమంగా బిగించాను. ఒకవైపే బిగిస్తే కాడ పట్టేస్తుంది, వాటర్‌మ్యాన్ మళ్లీ వదులు చేసేస్తాడు. చాంబర్ గోడను నేలమీదికి రెండు ఇటుకల వరసలు లేపించి మూత పెట్టించాను. ఇంతకన్నా చవకైన పని ఈ ప్రాజెక్టులో మరోటి లేదు.

ఉగాదికి ముందు

గుంతలు పూడ్చండి అని చెప్పడం సులువు. గుట్ట వాడలో ఒక అన్న నా మొహం మీదే అన్నాడు: "పైకి నీళ్లెక్కితే నేనెందుకు తవ్వుకుంట తమ్మీ?" ఆయన మాటలో న్యాయం ఉంది. ముందు నీళ్లు ఎక్కించాలి, ఆ తర్వాతే గుంతల మాట.

ట్యాంకు నుంచి రావలసిన ప్రెషర్ ఎక్కడ పోతోందో చూస్తే రెండు కారణాలు. కనెక్షన్లు ఇచ్చినప్పుడు నల్లాల దగ్గర బిగించిన, ధారను అదుపులో ఉంచే చిన్న ఫ్లో కంట్రోల్ వాల్వులను చెరువు వాడలో చాలామంది పీకేశారు. పల్లం కాబట్టి నీళ్లన్నీ అటే దూకుతున్నాయి. రెండోది, గుట్ట వాడలో కొందరు నల్లాకే నేరుగా అర హెచ్‌పీ మోటారు తగిలించారు. ఆ మోటారు నడుస్తుంటే పక్కింటి నల్లా కూడా గాలి పీలుస్తుంది. అంటే సప్లై ఉన్న గంటలో కూడా పక్కింటి గుంత నీళ్లు లైన్‌లోకి వస్తున్నాయన్నమాట. మోటారు పెట్టుకున్నాయన తన ఇంటికి ఎక్కువ నీళ్లు తెచ్చుకుంటున్నా అనుకుంటాడు. పక్కింటి గుంతలోని నీళ్లు కూడా అందులో ఉన్నాయని ఆయనకు తెలియదు.

చౌరస్తాలో చీలే చోట రెండు కొమ్మలకూ వేరువేరు వాల్వులు పెట్టాం. ఇప్పుడు ముందు గుట్ట వాడకు ఒక్కదానికే నీళ్లు, తర్వాత దాన్ని కట్టి చెరువు వాడకు. దీనివల్ల ఇంకో మేలు కూడా జరిగింది. గుట్ట కొమ్మను చౌరస్తాలోనే కట్టేస్తే అందులో నీళ్లు పల్లానికి జారడానికి దారి లేదు, కాబట్టి గుంజుడు చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు. ఆ కొమ్మలోనే ఎత్తుపల్లాలున్నాయి.

మొదటిరోజు గుట్ట వాడ చివరి ఇంట్లో నీళ్లు నడుమెత్తు ఎక్కాయి. ఆ అన్న ఇంకేం మాట్లాడలేదు, సాయంత్రానికల్లా మట్టి తెప్పించి గుంత పూడ్పించుకున్నాడు. మోటార్లు తీయించడానికి మాత్రం కార్యదర్శి సారు రెండుసార్లు టాంటాం వేయించాల్సి వచ్చింది.

బొడ్రాయి దగ్గర

మాటల్లో చెబితే నమ్మేవాళ్లు తక్కువ. మేస్త్రీ లెవల్ పైపు తెచ్చి చేసి చూపించాను. అరుగు మీద ఒక బకెట్లో నీళ్లు పోసి నీలిమందు కలిపాను. లెవల్ పైపు నిండా మంచినీళ్లు నింపి, ఒక కొస నీలినీళ్లలో ముంచి, రెండో కొస కింద ఖాళీ బకెట్లో వదిలాను. నీలిరంగు పైపులో పాకుతూ కిందికి దిగడం అందరికీ కనిపించింది. తర్వాత అదే పని మళ్లీ చేశాను, కాకపోతే పై కొసను బకెట్ అంచు మీదికి బెత్తెడు ఎత్తి పట్టుకున్నాను. పైపులో నీళ్లు జారిపోయాయి, వెనకాలే గాలి వచ్చింది. నీలినీళ్లు బకెట్లోనే ఉండిపోయాయి.

"అంతేనా?" అంది ఒక అక్క. అంతే అక్కా. నల్లా మూతికీ, కింద నిలిచే నీళ్లకూ నడుమ ఖాళీ ఉంటే చాలు. లెక్క ప్రకారం పైపు లోపలి వెడల్పుకు రెండింతలు, ఎంత చిన్న పైపైనా అంగుళానికి తక్కువ కాకుండా ఉండాలి. అర అంగుళం ఇంటి నల్లాకు అంగుళం సరిపోతుంది. కానీ టేపు పట్టుకొని ఎవరు కొలుస్తారు? నాలుగు వేళ్లు అడ్డం పెట్టి చూసుకోండి, బెత్తెడు ఉండాలి అన్నాను. ఆ మాట పట్టుకుంది. ఇప్పుడు పిల్లలు కూడా గోలెం దగ్గర చెయ్యి అడ్డం పెట్టి చూస్తున్నారు.

పైపులు తగిలించకుండా చేయడానికి, మార్చిన చోటల్లా రబ్బరు పైపు ఎక్కే ముక్కున్న నల్లా కాకుండా మొండి నల్లా బిగించాను. గోలెం నింపడానికి బకెట్ మోయాల్సిందే. తిట్టారు. తిట్టనీ.

ఏప్రిల్, ఎండలు ముదిరాక

ఈ భాగం అసలు చేయాలనుకోలేదు, టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో చూపేది) వల్ల బయటపడింది. చెరువు వాడలో మొదటి బిందె రంగు మారడం తగ్గింది కదా అని నాలుగిళ్లలో నీళ్లు చూస్తున్నాను. భగీరథ నీళ్లు మూడొందల చిల్లర చూపించాలి. ఒక గల్లీలో తొమ్మిదొందలు దాటింది. రంగు లేదు, వాసన లేదు, చూపులకు ముత్యాల్లాంటి నీళ్లు. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్ చూపించదు. రెండు రకాల నీళ్లు కలిశాయని మాత్రం పట్టిస్తుంది. క్లోరిన్ ఎంతుందో చూసే క్లోరోస్కోపులో రెండు చుక్కల మందు వేస్తే పసుపు రంగు కూడా తేలలేదు. ఇక్కడికొచ్చేసరికి కనీసం 0.2 పీపీఎం (లీటరుకు 0.2 మిల్లీగ్రాములు) క్లోరిన్ మిగలాలి. అంటే వచ్చేది బోరు నీళ్లే.

ఇల్లు దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. మిద్దె మీద ట్యాంకు, దానికి బోరు పైపు, నల్లా పైపు, రెండింటినీ కింద ఒకే టీతో (మూడు దారుల అతుకు ముక్క) కలిపారు. బోరు మోటారు వేయగానే సగం నీళ్లు మిద్దెకు, సగం వీధి లైన్‌లోకి. నల్లా గుంజుకోవడం ఒకరకం, ఇది ఇంకోరకం: మోటారు బలంతో ఎదురు తోయడం. వీధిలో నీళ్లు నిండుగా ఉన్నా ఇది ఆగదు. వేరే నీళ్లు దొరకని చోట కూడా ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణాల్లో ఉంది. మా ఊరి బోర్లు దాన్ని ఎప్పుడో దాటాయి. కాచి తాగినా ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఇంటాయన ధీమాగా చెప్పాడు: "ఎన్‌ఆర్‌వీ పెట్టిన కదన్నా, వెనక్కెట్ల పోతది?"

ఎన్‌ఆర్‌వీ అంటే నీళ్లను ఒకవైపే పోనిచ్చే వాల్వ్. విప్పి చూపించాను. ఇత్తడి ఎన్‌ఆర్‌వీ లోపల ఊగే రేకు, అది ఆనుకోవాల్సిన అంచు మీద ఇసుక రేణువు ఒకటి ఇరుక్కొని ఉంది. రేకు ఒకపక్క గోరు మందం లేచి ఆగిపోయింది. దాని చుట్టూ బోరు నీళ్ల తెల్ల పొర గట్టిపడింది. బిగించినప్పుడు బాగానే పనిచేసి ఉంటుంది. ఎన్‌ఆర్‌వీ చెడిపోతే బయటికి ఏ గుర్తూ ఉండదు, నీళ్లు మామూలుగానే వస్తుంటాయి. నా గొడవంతా దానితోనే. అమెరికాలో ఫ్యాక్టరీలకు, ఆస్పత్రులకు రెండు చెక్ వాల్వులు, నడుమ కారిపోయే దారి ఉన్న పరికరం పెడతారు. లోపలి వాల్వు కారితే నీళ్లు నేలమీద పడి తెలిసిపోతుంది. దాన్ని కూడా ఏటా పరీక్ష చేయించాలి. వాళ్లకు ఆ బుద్ధి ఊరికే రాలేదు. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శన సమయంలో రెండు హోటళ్లలో మురుగు పైపులు మంచినీళ్లలో కలిసి అమీబా విరేచనాలు వ్యాపించాయి, దాదాపు వందమంది చనిపోయారు. అంత పరికరం మా ఊరికి తెచ్చేదెవరు, ఏటా చూసేదెవరు? మనకు ఖాళీయే నయం. అందులో తిరిగే భాగం లేదు, అరిగేది లేదు.

టీ కోసేసి, నల్లా నీళ్లకు వాకిట్లో వేరే సంపు, అందులోకి పై నుంచి బెత్తెడు ఎత్తులో పడేలా ఎల్బో పెట్టాను. బోరుకు పాత దారే, వీధితో సంబంధం లేదు. తాగే నీళ్లకు సంపుకన్నా ముందు ఒక నల్లా. ఎల్బోలు, రెండు గజాల పైపు, సాల్వెంట్ డబ్బా. ఖర్చు ఆయనే పెట్టుకున్నాడు, మొహం మాడ్చుకునే.

ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నిజంగా గుచ్చుకుంది: "నాది కోస్తివి, మరి పంచాయతీది?"

ఊరి ట్యాంకుకు కూడా పాత పంచాయతీ బోరు కలిపే ఉంది. భగీరథ నీళ్లు రాని రోజు ఆదుకుంటుందని ఎవరో ఎప్పుడో కలిపి నడుమ ఒక వాల్వ్ పెట్టారు. ఆ వాల్వ్ పూర్తిగా పట్టడం లేదు. ఊళ్లో అన్నిటికన్నా పెద్ద కలయిక అదే. అందరి ఇళ్లూ తిరిగి చివరికి దాని దగ్గరికి రావడం నాకు నచ్చలేదు, మొదలు పెట్టాల్సిందే అక్కడ అని కార్యదర్శి సారుతో గట్టిగానే అన్నాను. సారు ఏమీ అనలేదు, సంతకం పెట్టాడు. వాల్వ్ కట్టడం కాదు, రెండడుగుల పైపు ముక్కే తీసేశాం. రెండు కొసలకూ బ్లైండ్ ఫ్లాంజ్ (చిల్లి లేని మూత) బిగించాం. ఆ బోరు నీళ్లు ఇప్పుడు పశువుల తొట్టికీ, బట్టలుతికే గద్దె దగ్గర వేరే ప్లాస్టిక్ ట్యాంకుకీ పోతాయి. ట్యాంకు మీద ఎర్ర రంగుతో రాయించాం, తాగరాదని.

మే

మోరీ దాటే సర్వీసు పైపులు (వీధి లైన్ నుంచి ఇంటికి వచ్చేవి) మిగిలాయి. మంచినీళ్ల పైపుకూ మురుగుకూ నడుమ మూడు మీటర్ల దూరం ఉండాలని పుస్తకం చెప్తుంది. మా గల్లీల వెడల్పే అంత లేదు. చేయగలిగింది చేశాం: మోరీలోంచి పోయే పైపుల్ని మోరీ మీదికి లేపాం. లేపలేని చోట అతుకు లేని ఒకే ముక్క వేసి, దానిపైన లావు పైపు తొడిగి రెండువైపులా మోరీ గట్టు దాటించాం.

పని అయ్యాక ట్యాంకు కడిగించి క్లోరినేషన్. మాది నలభై వేల లీటర్ల ట్యాంకు. 2 పీపీఎం కావాలంటే 80 గ్రాముల క్లోరిన్. బ్లీచింగ్ పౌడర్‌లో 33 శాతం ఉంటే పావుకిలోకు కాస్త తక్కువ సరిపోతుంది. కానీ మూతి విప్పిన సంచిలో పౌడర్ బలం తగ్గిపోతుంది, పాతదైతే 25 శాతం కూడా అనుమానమే. 25 అనుకుంటే 320 గ్రాములు. వాటర్‌మ్యాన్ ఇన్నాళ్లూ రెండు దోసిళ్లు వేసేవాడు. ఇప్పుడు కిరాణా కొట్టు తూకం పెట్టాం. పౌడర్‌ను బకెట్లో కలిపి, సున్నం అడుక్కు దిగాక పైతేట మాత్రమే పోయాలి.

చెరువు వాడ చివరి నల్లాలో ఇప్పుడు క్లోరిన్ 0.2 దాటి చూపిస్తోంది. బ్యాక్టీరియా పరీక్ష సీసాలు నాలుగిళ్లలో నింపి పెట్టాం. మూడు రంగు మారలేదు, ఒకటి మర్నాటికి నల్లబడింది, అంటే ఆ నీళ్లలో బ్యాక్టీరియా ఉన్నట్టు. ఆ ఇంటి నల్లా ఇంకా గుంతలోనే ఉంది. కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చాక చేయిస్తామంటున్నారు. వాళ్ల సర్వీసు పైపుకు వీధిలోనే బిరడా వేయమన్నాను. అప్పటిదాకా పక్కింటి నల్లా వాడుకోవచ్చని పక్కింటివాళ్లే ఒప్పుకున్నారు.

జూన్ మొదట్లో

పత్తి గింజలు పెట్టే రోజులు వచ్చేశాయి, ఇంకో నెలన్నరలో మందు డ్రమ్ములు బయటికొస్తాయి. వాటికోసం పశువుల తొట్టి దగ్గర బోరు నీళ్ల పాయింటు ఒకటి ఎత్తులో పెట్టాలి. అప్పుడే ఇంటి నల్లా నుంచి నింపొద్దని అనగలం.

ట్యాంకరు నింపే పైపు ఇంకా అలాగే ఉంది. రెండున్నర అంగుళాల పైపు, కొస ట్యాంకరు మూతిలో అడుగుదాకా దిగుతుంది. దానికి అయిదు అంగుళాల ఖాళీ కావాలి, బెత్తెడు చాలదు, జానెడు పెట్టాలి. పైన కొంకి మాదిరి వంపు పైపు, ట్యాంకరు మూతికి ఎత్తున ఆగేలా యాంగిల్ స్టాండు చేయించాలి. వెల్డింగ్ షాపు వాళ్లు శనివారం కొలతలకు రమ్మన్నారు. ట్యాంకరు డ్రైవరును కూడా బండితో సహా తీసుకుపోవాలి, ఒక్కో బండి మూతి ఒక్కో ఎత్తు.